ల్యాప్‌టాప్‌లో మన రెండు భాషలు

ల్యాప్‌టాప్ కంప్యూటర్ వాడేవారికి పనికివచ్చే కొన్ని సాఫ్ట్‌వేర్ సౌకర్యాలను గురించి, కొన్ని చిన్న ఉపాయాలను గురించి ఈరోజు మీతో మాట్లాడబోతున్నాను. ఇలాంటి విషయాల మీద పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు ఇంగ్లీషులోనే పని జరుపుకొనేవారి కోసం రాసినవి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాల్లో ఉన్న మన సంగతి వేరు. మన ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం. సంతలో ఏ భాష ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మనకే తెలియదు. ల్యాప్‌టాప్ కొన్న మరునాడే మనకొక ప్రశ్న ఎదురవుతుంది. ఈ యంత్రం మీద కన్నడమూ తెలుగూ రెండూ రాయడం ఎలా? ఒకటి నేర్చుకొనేసరికే సగం ఓపిక అయిపోతే, రెండోది ఎప్పుడు నేర్చుకొనేది?

ఈ ప్రశ్న వెనుక ఇంకో సంగతి ఉంది. మన పక్క పిల్లలు చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం చదవలేరు. అవ్వ పాడే నలుగు పాటనో, తాత పాడే తత్వాన్నో రాసిపెట్టుకోవాలంటే కన్నడ లిపిలోనే రాసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. చింతామణి తాలూకా కైవారంలో ఉండిన యోగి నారేయణ, మనం కైవారం తాతయ్య అని పిలుచుకొనే ఆ మహానుభావుడు, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. ఆయన తెలుగు పదాలను కన్నడ లిపిలో చదువుకొని భజనల్లో పాడేవారు మనలో ఎందరో ఉన్నారు. మాట తెలుగు, లిపి కన్నడం అనేది మనకు కొత్త కాదు. కాని అలా రాసిపెట్టుకొన్నది అనంతపురంలోనో కదిరిలోనో ఉన్న బంధువుకు పంపితే ఆయన చదవలేడు. ఆయన తెలుగు లిపిలో పంపితే మన పిల్లలు చదవలేరు. ఈ అడ్డుగోడను ల్యాప్‌టాప్ చాలావరకు తీసివేయగలదు.

ముందు ఒక నష్టం గురించి చెప్పాలి. చింతామణి దగ్గర పల్లెలో ఒక పెద్దాయన ఉన్నారు. ఉద్యోగం నుంచి విరమించాక ఊళ్ళోని ముసలివాళ్ళ దగ్గర కోలాటం పాటలు, పెళ్ళి పాటలు సేకరించి, దాదాపు పదిహేనేళ్ళ కిందట టైపు చేయించి, ఫైళ్ళన్నీ ఒక సి.డి.లో పెట్టుకొన్నారు. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఈ మధ్య ఆయన మనుమడు ఆ ఫైళ్ళను తన ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే పాటలు లేవు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, యూరప్ భాషల గుర్తులు! ఫైలు పాడైపోయిందని ఇంట్లోవారంతా అనుకొన్నారు. ఫైలు పాడు కాలేదు. అది పాత పద్ధతి ఫాంటుతో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంటు కొత్త యంత్రంలో లేదు. అంతే.

ఆ పాత పద్ధతి ఏమిటో కొంచెం వివరిస్తాను. మన బయలాటలో ధర్మరాజు వేషం కట్టేవాడు కిరీటం, భుజకీర్తులు పెట్టుకొన్నంతసేపూ ధర్మరాజే. అవి తీస్తే మన పక్కింటి మనిషే. పాత ఫాంట్లలో అక్షరం అలాంటిది. కంప్యూటర్ లోపల దాచుకొన్నది ఇంగ్లీషు అక్షరం. పైన ఫాంటు దానికి కన్నడ వేషమో తెలుగు వేషమో కడుతుంది. ఫాంటు లేకపోతే లోపలి మనిషి బయటపడతాడు. కర్ణాటకలో నుడి, బరహ సాఫ్ట్‌వేర్లతో మొదట్లో టైపు చేసిన ఫైళ్ళు, ఆంధ్ర వైపు ముద్రణాలయాల్లో అను ఫాంట్లతో చేసిన ఫైళ్ళు చాలావరకు ఈ తీరువే. ఆనాడు అవి గొప్ప సేవ చేశాయి, కాదనను. 1998లో బరహ వచ్చేంతవరకు ఇంట్లో కూర్చొని కన్నడం టైపు చేయడం సామాన్యులకు అందుబాటులో ఉన్న పని కాదు. కాని ఆ ఫైళ్ళు మీ దగ్గర ఉంటే ఇప్పుడే మార్పించుకోండి. నుడిలోనూ బరహలోనూ పాత అక్షరాలను యూనికోడ్‌గా మార్చే ఏర్పాటు ఉంది. అను అక్షరాలను మార్చే పరికరాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మార్చిన తర్వాత ఒత్తులు, దీర్ఘాలు సరిగా వచ్చాయో లేదో ఒకసారి కంటితో చదివి సరిచూసుకోవాలి. ఆ పెద్దాయన పాటలు తొంభై పాళ్ళు తిరిగి వచ్చాయి. మిగతా పదిపాళ్ళు ఆయనే జ్ఞాపకం మీద సరిదిద్దుతున్నారు.

యూనికోడ్ అన్నాను. ప్రపంచంలోని లిపుల్లో ప్రతి అక్షరానికీ ఒక సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి అది. ఇందులో వేషం కట్టడం లేదు. తెలుగు అకారానికి 3077 అనే సంఖ్య. ఏ యంత్రంలోనైనా, ఏ దేశంలోనైనా 3077 అంటే తెలుగు 'అ' మాత్రమే. మరి కన్నడ అకారం సంఖ్య ఎంతో తెలుసా? 3205. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. కాగితం మీద తీసివేత చేసి చూడండి, రెండుచోట్లా తేడా 128. అక్షరమాల పొడుగునా ఇదే లెక్క. తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే కన్నడంలో అదే అక్షరం. ఇది కాకతాళీయం కాదు. భారత ప్రభుత్వం 1980లలో మన లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ఒక సంకేత పద్ధతిని రూపొందించింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ వరస ఒకటే కనుక అన్నిటికీ ఒకే పట్టిక చాలునన్నది దాని మూలసూత్రం. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు ఆ వరసనే తీసుకొని, ఒక్కొక్క లిపికీ 128 గళ్ళు కేటాయించింది. తెలుగు గళ్ళు అయిపోయినచోటే కన్నడం గళ్ళు మొదలు. రెండు ఇళ్ళకూ మధ్య ఒకే గోడ, చిక్కబళ్ళాపురం జిల్లాకూ ఆంధ్రకూ మధ్య ఉన్న సరిహద్దు లాగానే.

ఈ సంఖ్యలు మనకెందుకు అని మీరు అడగవచ్చు. అక్షరాల వరస ఒకటే కనుక, టైపు చేసే మీటల అమరిక కూడా ఒకటే పెట్టవచ్చు కదా. పెట్టారు. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 13194 అనే ప్రమాణంలో దీన్ని కూడా చేర్చింది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు 'క' ఏ మీట మీద ఉందో కన్నడ 'క' ఆ మీట మీదే. హిందీ 'క' కూడా అక్కడే. ఒక లిపిలో చెయ్యి కుదిరితే రెండో లిపికి మళ్ళీ నేర్చుకోవలసింది దాదాపు ఏమీ ఉండదు. మన జిల్లాల్లోని పిల్లలకు ఇంతకన్న పనికివచ్చే సౌకర్యం కంప్యూటర్లో మరొకటి లేదని నా అభిప్రాయం. అయినా మన బడుల్లో దీన్ని నేర్పేవారు తక్కువ.

ఒక ఉదాహరణ చెప్తాను, కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి. షిఫ్ట్ మీట పట్టుకొని డి నొక్కండి, 'అ' వస్తుంది. షిఫ్ట్ వదిలి సి నొక్కండి, 'మ'. డి నొక్కండి, పొల్లు. మళ్ళీ సి నొక్కండి, 'మ'. ఇప్పుడు తెర మీద 'అమ్మ' అని ఉంటుంది. యంత్రంలో భాష తెలుగు పెట్టుకొంటే తెలుగు అమ్మ, కన్నడం పెట్టుకొంటే కన్నడ అమ్మ. నొక్కినవి మాత్రం అవే నాలుగు నొక్కులు. 'ఊరు' రాయాలంటే షిఫ్ట్ పట్టుకొని టి, తర్వాత షిఫ్ట్ వదిలి జె, జి. ఇదీ రెండు భాషలకూ సరిపోతుంది.

ఇన్‌స్క్రిప్ట్ అంటే భయపడేవారు చెప్పే కారణం ఒకటే. కె నొక్కితే 'క' వస్తుంది, అంతవరకు సంతోషం. కాని హెచ్ నొక్కితే 'ప' వస్తుంది, ఎల్ నొక్కితే 'త' వస్తుంది, ఇదేమి న్యాయం అంటారు. ఇంగ్లీషు అక్షరంతో పోల్చి చూస్తే న్యాయం కనబడదు. మన వ్యాకరణంతో పోల్చి చూడండి. క, చ, ట, త, ప అనే పరుషాలు అయిదూ కీబోర్డు నడిమి వరసలో కుడిచేతి వేళ్ళ కింద ఉన్నాయి. గ, జ, డ, ద, బ అనే సరళాలు వాటి పై వరసలో, ఒక్కొక్క పరుషం నెత్తిన దాని సరళం. 'క' మీద 'గ', 'త' మీద 'ద', 'ప' మీద 'బ'. సరళాదేశ సంధి చదువుకొన్నవారికి ఈ జతలు కొత్తవి కావు. ఖ, ఘ లాంటి ఒత్తు అక్షరాలు కావాలంటే అదే మీటకు షిఫ్ట్ తోడు చేయాలి. ఎడమచేతి కింద అచ్చుల గుర్తులు. అక్కడా అదే తీరు. గుడి మీద గుడిదీర్ఘం, కొమ్ము మీద కొమ్ముదీర్ఘం. గుర్తు కాకుండా అచ్చునే రాయాలంటే షిఫ్ట్. ఓనమాలు వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల దీన్ని వారం రోజుల్లో పట్టుకొంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు రాకపోయినా ఫరవాలేదు. కన్నడ మాధ్యమంలో చదివే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ఇక దీన్ని యంత్రంలో పెట్టుకోవడం ఎలాగో చెప్తాను. వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు, విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్ తెరిచి, టైమ్ అండ్ లాంగ్వేజ్ లోకి వెళ్ళి, లాంగ్వేజ్ అనే చోట యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు చేర్చండి, మళ్ళీ అదేవిధంగా కన్నడం చేర్చండి. ఇలా చేర్చినందువల్ల మీ యంత్రం మెనూలన్నీ తెలుగులోకి మారిపోవు, భయం లేదు. మెనూల భాష మార్చమంటారా అని అడిగే గడిలో మాత్రం టిక్కు పెట్టకండి. ఒక్కొక్క భాషకు రెండు కీబోర్డులు కనిపించవచ్చు. ఫొనెటిక్ అని రాసి ఉన్నది ఒకటి, ఆ మాట లేనిది మరొకటి. ఆ మాట లేనిదే మనకు కావలసిన ఇన్‌స్క్రిప్ట్. భాష మార్చడానికి విండోస్ మీట పట్టుకొని స్పేస్ మీట నొక్కుతూ పోతే ఇంగ్లీషు, తెలుగు, కన్నడం వరసగా తిరుగుతాయి. మీటల మీద తెలుగు బొమ్మలు లేవే అంటారా? విండోస్ మీట, కంట్రోల్ మీట రెండూ పట్టుకొని ఓ నొక్కండి. తెర మీదనే ఒక కీబోర్డు బొమ్మ వస్తుంది. మీరు తెలుగుకు మారితే ఆ బొమ్మ మీద తెలుగు అక్షరాలు, కన్నడానికి మారితే కన్నడ అక్షరాలు. నేర్చుకొనే వారం రోజులూ దాన్ని తెరిచిపెట్టుకొంటే చాలు. స్టిక్కర్లు అంటించే పని లేదు.

ఇంగ్లీషు అక్షరాలకు అలవాటుపడిన పెద్దవాళ్ళు ఫొనెటిక్ వాడుకొన్నా నాకు అభ్యంతరం లేదు. అందులో అమ్మ అని ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో అమ్మ వస్తుంది. 2019 నుంచి విండోస్‌లోనే ఇది తెలుగుకూ కన్నడానికీ ఉంది. అలాగే నుడి కీబోర్డు మీద చెయ్యి కుదిరిన ఉపాధ్యాయులూ, కచేరీ గుమాస్తాలూ మన జిల్లాలో చాలామంది. దానికి ఆధారం కె.పి.రావుగారు కన్నడం కోసం రూపొందించిన అమరిక. ఇరవయ్యేళ్ళ అలవాటును మానుకోమని ఎవరికీ చెప్పను. నుడి తెరిచినప్పుడు యూనికోడ్ ఎంచుకొని టైపు చేయండి, అంతే నా మనవి. మీటల అమరిక ఎవరి చేతి వాటం వారిది. లోపల నిలిచే అక్షరం మాత్రం యూనికోడ్ అయి ఉండాలి.

ఇప్పుడు అవ్వ పాట దగ్గరికి వద్దాం. పాటను సెల్‌ఫోనులో రికార్డు చేసుకొని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకొన్నారనుకొందాం. విని రాయాలంటే పాట వేగం మన చేతికి అందదు. వి.ఎల్.సి. అనే ప్లేయర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో పాట నడుస్తూండగా పి అక్షరం పక్కనున్న చదరపు బ్రాకెట్ నొక్కితే నొక్కినకొద్దీ వేగం తగ్గుతుంది, దాని పక్కది నొక్కితే పెరుగుతుంది, సమానం గుర్తు నొక్కితే మామూలు వేగానికి వస్తుంది. గొంతు బొంగురుపోదు, మాట సాగుతుంది అంతే. షిఫ్ట్ పట్టుకొని ఎడమ బాణం నొక్కితే మూడు సెకండ్లు వెనక్కి వెళుతుంది. పళ్ళు లేని నోటి మాటను పట్టుకోవడానికి ఈ రెండూ చాలా ఉపయోగం. ఒక్క జాగ్రత్త. ఈ మీటలు నొక్కేటప్పుడు ఇంగ్లీషు కీబోర్డులో ఉండాలి, ప్లేయర్ కిటికీ ముందు ఉండాలి.

పిల్ల ఆ పాటను తనకు వచ్చిన కన్నడ లిపిలోనే టైపు చేయనివ్వండి. తర్వాత దాన్ని తెలుగు లిపిలోకి మార్చడానికి అక్షరముఖ అనే ఉచిత సాధనం ఇంటర్నెట్‌లో ఉంది. వినోద్ రాజన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు దాన్ని తయారుచేశారు. ఒకవైపు గడిలో కన్నడ లిపిలోని పాటను అతికించి, మూలలిపి కన్నడం, కావలసిన లిపి తెలుగు అని ఎంచుకొంటే రెండోవైపు తెలుగు లిపిలో వస్తుంది. ఇది అనువాదం కాదు, లిపి మార్పు మాత్రమే. మాట ఒక్కటి కూడా మారదు. ఇందాక చెప్పినట్టు రెండు లిపులకూ అక్షరాల వరస ఒకటే కదా. 'సూర్య', 'కార్యం' లాంటి మాటల్లో కన్నడం వాళ్ళు రేఫను అర్కావొత్తుగా తర్వాత రాస్తారు, మనం ముందు రాస్తాం. అది కూడా దానంతట అదే సర్దుకొంటుంది. ఎందుకంటే లోపల దాచిన వరస రెండిటికీ ఒకటే, చూపే తీరు మాత్రమే వేరు. పూర్వం తెలుగులోనూ వలపలగిలక ఉండేది కదా, కన్నడంలో మిగిలింది అదే.

మార్చిన తర్వాత మనం చూసుకోవలసినవి రెండున్నాయి. 'వచ్చాడు' అన్నచోట మనం పలికే అచ్చు అకారానికీ ఏకారానికీ నడుమ ఉంటుంది. దానికి కన్నడ లిపిలో గుర్తు లేదు. పిల్లలు ఒకచోట 'వచ్చేడు' అనీ, ఇంకోచోట 'వచ్చ్యాడు' అనీ రాస్తారు. 'చాప', 'జాబు' లాంటి మాటల్లోని దంత్య చకార జకారాలకూ ఇదే ఇబ్బంది. కన్నడ లిపిలో చదివి పెరిగిన పిల్ల కొన్నాళ్ళకు 'చాప'ను 'చాకు'లోని చకారంతో పలకడం మొదలుపెడుతుంది. అవ్వను దగ్గర కూర్చోబెట్టుకొని ఒకసారి చదివి వినిపిస్తే ఆమే సరిదిద్దుతుంది. యంత్రం సరిదిద్దలేదు.

ఈ సందర్భంలోనే మాట్లాడితే టైపు అయ్యే సౌకర్యం గురించి ఒక మాట. గూగుల్ 2017లో తెలుగుకూ కన్నడానికీ దీన్ని తెచ్చింది. గూగుల్ డాక్స్‌లో టూల్స్ కింద వాయిస్ టైపింగ్ ఎంచుకొని, భాష తెలుగు పెట్టుకొని, మైకు బొమ్మ నొక్కి మాట్లాడవచ్చు. కంటిచూపు తగ్గినవారికీ, ఉత్తరాలు రాసుకొనేవారికీ ఎంతో మేలు. అయితే అవ్వ పాటలకు మాత్రం దాన్ని వాడవద్దని నా సలహా. దానికి తెలిసిన తెలుగు పుస్తకాల తెలుగు, పత్రికల తెలుగు. మనం 'వస్తా ఉండాడు' అంటే అది 'వస్తున్నాడు' అని సర్దాలని చూస్తుంది. కన్నడం మాట మధ్యలో దొర్లితే తనకు తోచిన తెలుగు మాట ఏదో ఒకటి పెడుతుంది. మన పక్క తెలుగులోని రుచి అంతా ఆ సర్దుబాటులో పోతుంది. ఉత్తరానికి నోరు, పాటకు వేళ్ళు అని నేను పిల్లలకు చెబుతూ ఉంటాను.

ఇంట్లో పాత అచ్చు పుస్తకాలు, భజన పుస్తకాలు ఉంటే వాటిని మొత్తం టైపు చేయనక్కరలేదు. పుటను వెలుతురులో నిలువుగా ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫైలు మీద కుడి క్లిక్ చేసి, గూగుల్ డాక్స్‌తో తెరవమంటే బొమ్మలోని అక్షరాలను చదివి కింద టైపు చేసి పెడుతుంది. తెలుగు, కన్నడం రెండూ చదువుతుంది. ఫోటో 2 ఎంబీకి మించకుండా చూసుకోండి. అచ్చు స్పష్టంగా ఉంటే ఫలితం బాగుంటుంది. చేతిరాత అయితే ఆశ పెట్టుకోవద్దు. రెండు కాలాలుగా అచ్చయిన పుట అయితే వరసలు కలగాపులగం కావచ్చు, అలాంటప్పుడు ఒక్కొక్క కాలాన్ని విడిగా ఫోటో తీసుకోండి.

రోజువారీ పనికి ఇంకొన్ని చిన్న సంగతులు గబగబా చెప్తాను. విండోస్ మీటతో వి నొక్కితే మీరు ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయి. మొదటిసారి మాత్రం టర్న్ ఆన్ అని నొక్కాలి. అర్జీలు రాసేవారికి ఊరి పేరు, హోబళి పేరు మాటిమాటికీ టైపు చేసే బాధ తప్పుతుంది. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెరలో కావలసిన ముక్కను మాత్రం కత్తిరించుకోవచ్చు. ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికించిన భాగం రంగులు, సైజులు వేరుగా వచ్చి మీ పుటను పాడుచేస్తూ ఉంటే, ముందు దాన్ని నోట్‌ప్యాడ్‌లో అతికించి మళ్ళీ అక్కడి నుంచి కాపీ చేయండి, హంగులన్నీ పోయి అక్షరం మాత్రం మిగులుతుంది. పాత యంత్రాల్లో నోట్‌ప్యాడ్ వాడేవారు సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ అనే చోట యు.టి.ఎఫ్.-8 ఉందో లేదో చూసుకోవాలి. ఆన్సి అని ఉంటే మీ తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. పాత ఫాంటు ఫైలును మళ్ళీ మార్చుకోవచ్చు గాని, ఈ ప్రశ్నార్థకాల నుంచి అక్షరాలు తిరిగి రావు. రెండు భాషల్లో ఒకే నోటీసు టైపు చేసేవారు నిర్మల అనే ఫాంటు వాడితే రెండు లిపులూ ఒకే ఎత్తులో, ఒకే పొందికలో వస్తాయి. విండోస్ 8 నుంచి అది యంత్రంలోనే ఉంటుంది.

వర్డ్ కొనలేనివారు దొంగ కాపీ వేయించుకోవలసిన అవసరం లేదు. లిబ్రె ఆఫీస్ అనేది పూర్తిగా ఉచితం, తెలుగు, కన్నడం రెండూ చక్కగా చూపుతుంది. పని మధ్యలో యంత్రం ఆగిపోతే నష్టం తక్కువ కావాలంటే అందులో ఆటోరికవరీ అనే వ్యవధిని 2 నిమిషాలకు తగ్గించుకోండి. ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ కరెంటుకు తగిలించే వాడేవారు బ్యాటరీ చార్జింగు 80 శాతం దగ్గర ఆగే ఏర్పాటు ఉందేమో చూసుకోండి, చాలా యంత్రాల్లో ఉంటుంది. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది.

మీ యంత్రంలో ఉన్న విండోస్ ఏదో తెలుసుకోవాలంటే, విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన గడిలో డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. విండోస్ 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. అలాగని యంత్రాన్ని పాత సామానుకు వేయవద్దు. లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థను ఎక్కిస్తే ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తుంది. తెలుగు, కన్నడ కీబోర్డులు అందులోనూ ఉన్నాయి, ఇన్‌స్క్రిప్ట్ అలవాటు అక్కడా చెల్లుతుంది. పక్కనున్న కేరళలో ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్ళుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన బడుల్లో మూలపడి ఉన్న యంత్రాలను చూసినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తుకు వస్తుంది.

ఇక దాచుకోవడం సంగతి. ఒక్కచోట ఉన్న ఫైలు లేనట్టే లెక్క. ల్యాప్‌టాప్‌లో ఒక ప్రతి, పెన్ డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్ లాంటి చోట ఒకటి. పెన్ డ్రైవ్‌ను జెరాక్సు అంగడిలో పెట్టి తెచ్చినప్పుడల్లా ఇంట్లో యంత్రానికి తగిలించగానే దాని మీద కుడి క్లిక్ చేసి స్కాన్ చేయించండి. పాటల ఫైలుకు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం, నెల, తేదీ అంకెల్లో ముందు వేసి, తర్వాత ఊరి పేరు, పాట మొదటి మాట పెట్టండి. అప్పుడు ఫైళ్ళు కాలక్రమంలో వాటంతట అవే వరసలో నిలబడతాయి. పాట కింద పాడినవారి పేరు, వారికి ఆ పాట ఎవరు నేర్పారో, పెళ్ళిలో పాడేదా, కోతల్లో పాడేదా అనే వివరాలు రెండు వాక్యాలు రాయండి. అవి తర్వాత అడిగి తెలుసుకొందాంలే అనుకొంటే అడగడానికి మనిషి ఉండకపోవచ్చు. కన్నడ లిపి ప్రతి, తెలుగు లిపి ప్రతి రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి, దానితోపాటు అసలు రికార్డింగు కూడా. కదిరిలోని బంధువుకు తెలుగు ప్రతి పంపండి, బాగేపల్లిలోని మనుమరాలికి కన్నడ ప్రతి ఇవ్వండి. రికార్డింగు ఇద్దరికీ.

ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక గుర్తుపెట్టుకోవడం కష్టమనిపించేవారు ముందుగా నడిమి వరసలోని కుడివైపు అక్షరాలు మాత్రం ఒక చీటీ మీద రాసి తెరకు పక్కన అంటించుకోండి. హెచ్ మీద ప, జె మీద ర, కె మీద క, ఎల్ మీద త, సెమికోలన్ మీద చ, దాని పక్క మీట మీద ట. మొదటి రెండు రోజులకు ఈ ఆరు చాలు.